లెక్కలో లేని సూది

హైదరాబాద్ శివారు పేట్ బషీరాబాద్‌లో ఏ ఇంట్లోనైనా క్లినికల్ ట్రయల్ అన్న మాట ఎత్తి చూడండి. వచ్చే జవాబు ఒకటే: "మనమేమన్న ఎలుకలమా?" జీడిమెట్లలో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన కార్మికుడిదీ అదే మాట, కొంపల్లి విల్లాలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిదీ అదే మాట. పత్రికలు ఏళ్ల తరబడి రాస్తున్నదీ అదే. ట్రయల్ అంటే పేదవాడి ఒంటి మీద కంపెనీ చేసే ప్రయోగమనీ, మర్యాదస్తులు దాని జోలికి పోకూడదనీ మన సమాజం తీర్మానించేసుకుంది. ఈ తీర్మానం మనల్ని కాపాడటం లేదు. అది మనల్ని ఇంకా పెద్ద అపాయంలోకి నెడుతోంది. ఈ మాట నిరూపించడానికి నేను తీసుకుంటున్న ఉదాహరణ, ఆపరేషన్ చేసేటప్పుడు శరీరంలోకి ఎక్కించే వెలిగే రంగు మందు.

మా కాలనీలో ఒకావిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో డాక్టర్లు ఒక అధ్యయనం గురించి చెప్పారు. క్యాన్సర్ చంకలోకి పాకిందో లేదో తెలుసుకోవాలంటే రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ముందుగా చేరే గ్రంథి ఏదో పట్టుకోవాలి. దాన్ని పట్టుకోవడానికి వెలిగే రంగు మేలా, మామూలు నీలి రంగు మేలా అన్నది ఆ అధ్యయనం. ఆవిడ కొడుకు కాగితాలు చదవకుండానే "మా అమ్మ మీద ప్రయోగాలు జేస్తరా?" అని లేచి తల్లిని తీసుకొని వచ్చేశాడు. కొద్దిరోజులకు ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. అక్కడ బిల్లులో ఒక వరుస ఉంది: ఫ్లోరెసెన్స్ టెక్నాలజీ ఛార్జీలు. అదే రంగు, అదే సూది. మొదటిచోట ఆ రంగు గురించి పేజీల కొద్దీ తెలుగులో రాసిచ్చారు, ప్రశ్నలడగమన్నారు, వద్దనే హక్కుందన్నారు. రెండోచోట ఎవరూ ఏమీ అడగలేదు, డబ్బు మాత్రం తీసుకున్నారు. ఆ రంగు ఆవిడకు మేలు చేసిందా, గ్రంథి సరిగ్గా దొరికిందా, ఒంటికి పడిందా లేదా అన్నది ఏ దస్త్రంలోనూ చేరలేదు. ఆ అబ్బాయి తల్లిని ప్రయోగం నుంచి తప్పించానని ఇప్పటికీ నమ్ముతున్నాడు. నిజానికి ఆమె మీద ప్రయోగం జరగనే జరిగింది, ఫలితం రాసుకోని ప్రయోగం.

వెలిగే రంగులు మనకు కొత్తేమీ కాదు. సుచిత్ర, షాపూర్‌నగర్ చుట్టుపక్కల షుగరు జబ్బున్నవాళ్లను అడగండి. కంటి వెనక రెటీనా ఫొటో తీయడానికి చేతి నరంలోకి పసుపు రంగు ఎక్కించుకున్నవాళ్లు వీధికొకరైనా తగులుతారు. కాసేపు ఒళ్లంతా పచ్చబడుతుంది, మర్నాటిదాకా మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. దాని పేరు ఫ్లోరెసీన్. 1871లో జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. 1948లో అమెరికాలో జార్జ్ మూర్ అనే సర్జన్ మెదడు గడ్డలను గుర్తించడానికి దాన్ని వాడి చూశాడు. ఆపరేషన్ థియేటర్లలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే ఇండోసయనిన్ గ్రీన్‌ది ఇంకో కథ. అది ఫొటో ఫిల్ముల కంపెనీ కోడక్ ప్రయోగశాలలో పుట్టింది. 1959లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట గుండె, కాలేయం పనితీరు కొలవడానికి వాడేవారు.

అది పనిచేసే తీరు చూస్తే దాని మీద ఇంత మోజు ఎందుకో అర్థమవుతుంది. చిన్న సీసాలో ముదురు ఆకుపచ్చ పొడి. నీటిలో కలిపి నరంలోకి ఎక్కిస్తే క్షణాల్లో రక్తంలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది. సుమారు 800 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతి దాని మీద పడితే, మన కంటికి కనపడని వెలుగునిస్తుంది. దాన్ని ప్రత్యేకమైన కెమెరా పట్టుకుంటుంది. కాలేయం ఆ రంగును రక్తం నుంచి లాగేసి పైత్యరసంలోకి వదులుతుంది. అందుకే పిత్తాశయం ఆపరేషన్‌లో, కొవ్వులో దాగిన పైత్యనాళం తెర మీద ఆకుపచ్చ గీతలా తేలుతుంది. పొరపాటున ఆ నాళాన్ని కోస్తే రోగి జన్మంతా బాధపడాల్సి రావచ్చు. కాబట్టి సర్జన్‌కు ఆ గీత కనపడటం చిన్న విషయం కాదు. నేను ఈ రంగుకు వ్యతిరేకిని కాను, దాని మీద ఆశ ఉన్నవాణ్ణి. ఆశ ఉంది కాబట్టే దాన్ని లెక్కగట్టి పరీక్షించాలంటున్నాను.

ట్రయళ్ల మీద మనవాళ్ల కోపానికి కారణాలు లేకపోలేదు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, ఎక్కువగా గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. ఎన్నోచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సమ్మతి కాగితాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. 2011లో పిడుగురాళ్ల మహిళలను దళారులు డబ్బు ఆశ చూపించి హైదరాబాద్ తెచ్చి, మందుల పరీక్షలకు కూర్చోబెట్టిన సంగతి బయటపడింది. 2017లో జమ్మికుంట ప్రాంతం నుంచి కూడా అలాంటి వార్తలే వచ్చాయి. ఇవన్నీ జరిగినవే. ఆ ఆడపిల్లల తరఫున, ఆ కూలి మహిళల తరఫున గొంతెత్తినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

కానీ ఆ మూడుచోట్లా తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. పిడుగురాళ్ల, జమ్మికుంటల్లో జరిగింది ఏ జబ్బూ లేనివాళ్లను దినసరి కూలికి తెచ్చి మందు ఎక్కించడం. అవసరం డబ్బుది, మధ్యలో దళారి. వెలిగే రంగు పరీక్షలో ఉండేది ఎలాగూ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన రోగి. దళారికి అక్కడ పనిలేదు, కూలికీ చోటులేదు. రెంటినీ ఒకే గాటన కట్టి "ట్రయల్" అనేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. ఇక ఖమ్మం. విచారణ సంఘం ఆ మరణాలకు టీకాయే కారణమని తేల్చలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది సమ్మతి తీసుకున్న తీరును, నిఘా లేకపోవడాన్ని. మనం మాత్రం ఆ నివేదికలో సమ్మతి అన్న మాట వదిలేసి, టీకా అన్న మాట పట్టుకున్నాం. ఆ తర్వాత దశాబ్దానికి పైగా ఆ టీకా జాతీయ టీకా కార్యక్రమం దరి చేరలేకపోయింది. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ క్యాన్సర్‌తో ఏడాదికి 77 వేల మందికి పైగా మహిళలు చనిపోయారు. తప్పు చేసినవాళ్లను శిక్షించి, సమ్మతి తీసుకునే పద్ధతిని బాగుచేసి, పని కొనసాగించి ఉంటే రేపటి తరమైనా బతికేది. మనం పనినే శిక్షించాం. ఇప్పుడు రంగు మందు విషయంలోనూ అదే దారిన పోతున్నాం.

పైగా ఆ అన్యాయాల మీద జరిగిన పోరాటమే చట్టాన్ని మార్చింది. ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ సుప్రీంకోర్టుకెక్కింది. 2013లో పరిహారం నిబంధనలు వచ్చాయి. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయళ్ల నిబంధనలు అమల్లోకొచ్చాయి. నియంత్రణలో ఉన్న ట్రయల్‌ను మొదటి రోగిని చేర్చుకోకముందే దేశం మొత్తం చూడగలిగే రిజిస్ట్రీలో నమోదు చేయాలి. తీవ్రమైన హాని జరిగితే డాక్టరు 24 గంటల్లో తెలియజేయాలి. హానికి వైద్యం ఉచితం, ప్రాణం పోతే ఎంత పరిహారమో లెక్కగట్టే సూత్రం చట్టంలోనే ఉంది. ట్రయల్‌కు అనుమతిచ్చే నైతిక సంఘంలో కనీసం ఏడుగురుండాలి, వారిలో సగం మంది ఆ సంస్థకు చెందనివాళ్లయి ఉండాలి. చదవలేని రోగి అయితే పక్షపాతం లేని సాక్షి పక్కనుండాలి. మా కాలనీ ఆవిడకు రెండో ఆసుపత్రిలో వీటిలో ఒక్క రక్షణా లేదు. ఎలుకను చేయడమంటే మనిషికి ఏమవుతుందో పట్టించుకోకుండా మందెక్కించడమైతే, ఆ మాట ఏ గదికి వర్తిస్తుందో పాఠకులే చెప్పాలి.

చదువుకున్నవాళ్లు ఇక్కడ ఇంకో వాదన తెస్తారు. "విదేశాల్లో ఇప్పటికే పరీక్షించారు, అనుమతులొచ్చాయి, మళ్లీ మనవాళ్ల మీద ఎందుకు? నేరుగా వాడుకుంటే సరిపోదా?" ఈ వాదన ఇప్పుడు ప్రభుత్వంలోనూ బలపడుతోంది. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరప్‌లలో అనుమతి పొందిన కొన్ని తరగతుల మందులకు ఇక్కడ ట్రయల్ అక్కర్లేదని 2024 ఆగస్టులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అరుదైన జబ్బులవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా అది కొంత మేలే. కానీ వెలిగే రంగుకు ఈ తర్కాన్ని అతికించలేం.

మొదటి సంగతి, విదేశాల్లో తేలింది "రంగు మంచిది" అని కాదు. ఫలానా ఆపరేషన్‌లో మంచిది, ఫలానా దానిలో తేడా లేదు అని. జర్మనీలో మెదడు గడ్డల మీద జరిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు గడ్డను వెలిగించే 5-ఏఎల్‌ఏ అనే ద్రావణం తాగిన వారిలో 65 శాతం మందికి గడ్డ పూర్తిగా తీయగలిగారు, మామూలు వెలుతురులో చేసినవారిలో 36 శాతం మందికే. ఆరు నెలలకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు ఒకవైపు 41 శాతం, ఇంకోవైపు 21 శాతం. అద్భుతం. మరి మూత్రాశయ క్యాన్సర్‌లో? బ్రిటన్‌లో 22 ఆసుపత్రుల్లో 538 మంది మీద పరీక్షించి 2022లో ప్రకటించారు: మూడేళ్లు గడిచాక చూస్తే వెలిగే మందు వాడి నీలి కాంతిలో ఆపరేషన్ చేసినా, మామూలు కాంతిలో చేసినా జబ్బు తిరగబెట్టడంలో తేడా కనపడలేదు. పెద్దపేగు కోసి అతికించాక అతుకు దగ్గర రక్తం సరిగా అందుతోందా అని ఇండోసయనిన్ గ్రీన్‌తో చూడటం మీద అమెరికాలో 347 మందితో ట్రయల్ జరిగింది. అతుకు లీకైనవారు రంగు వాడినచోట 9 శాతం, వాడనిచోట 9.6 శాతం. అంటే దాదాపు ఒకటే. తెర మీద వెలుగు ప్రతిచోటా అంతే అందంగా ఉంటుంది. రోగికి జరిగే మేలు మాత్రం చోటుచోటుకూ మారుతుంది. ఈ తేడా పట్టుకున్నది ట్రయళ్లే, రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, ఫలితం తేలేదాకా గమనించిన ట్రయళ్లే. మేడ్చల్ హైవే హోర్డింగుల మీద "ఫ్లోరెసెన్స్ సర్జరీ" అని ఒకే అక్షరాల్లో రాసేవాళ్లకు ఈ తేడాతో అవసరం లేదు.

రంగు చేసే హాని కూడా లెక్కగట్టి చూసినప్పుడే తెలిసింది. ఇండోసయనిన్ గ్రీన్ మీద 1994లో వచ్చిన నివేదిక 1,923 పరీక్షలను లెక్కగట్టి, తీవ్రమైన ప్రతిచర్య ఒకటి చూసింది. చాలా తక్కువ, కానీ సున్నా కాదు. ఆ రంగులో అయోడిన్ ఉంటుంది కాబట్టి అయోడిన్ పడనివాళ్ల విషయంలో జాగ్రత్త పడాలి. రొమ్ము క్యాన్సర్ కోసం 2024లో అమెరికాలో అనుమతి పొందిన పెగ్యులిసయనిన్‌కు, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావచ్చన్న నల్లగీతల హెచ్చరిక పెట్టారు. దాని ట్రయల్‌లో 357 మందిలో 27 మందికి సర్జన్ వదిలేసిన క్యాన్సర్ ముక్క ఆ రంగు సాయంతో దొరికింది. అదే ట్రయల్ ఇంకో నిజమూ చెప్పింది: మిగిలిపోయిన క్యాన్సర్ కణజాలంలో దాదాపు సగాన్ని ఆ రంగు పట్టలేకపోయింది. వెలగలేదు కాబట్టి శుభ్రంగా ఉందనుకోవడానికి వీల్లేదన్నమాట. ఈ రెండో ముక్క ఏ కరపత్రంలో చదువుతాం?

రెండో సంగతి మన ఒంటిది, మన జబ్బులది. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ గుర్తుందా? అదీ కాంతి పంపి కొలిచే పరికరమే. నల్లవారిలో ఆక్సిజన్ పడిపోయినా గుర్తించలేకపోవడం తెల్లవారిలో కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో తేలింది. దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతున్న పరికరం సంగతి అది! కాంతిని నమ్ముకున్న ప్రతి పరికరాన్నీ ఎవరి ఒంటి మీద వాడతారో వాళ్ల ఒంటి మీదే సరిచూడాలి. చర్మం మీదుగా చంకలో గ్రంథిని వెతికే కెమెరా మన ఛాయలో ఎంత లోతు చూడగలదో అమెరికాలో తేల్చలేరు.

చర్మం కన్నా పెద్ద సమస్య క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కొన్ని కొత్త రంగులు క్యాన్సర్ కణం మీద ఉండే ఫోలేట్ గ్రాహకాలను వెతుక్కుంటూ వెళతాయి. పాఫోలాసియానిన్ అలాంటిదే, 2021 నవంబరులో అండాశయ క్యాన్సర్‌కు అమెరికా అనుమతించింది. దాని ట్రయల్‌లో 109 మందిలో 36 మందికి, కంటికీ చేతికీ తెలియని క్యాన్సర్ బయటపడింది. గొప్ప ఫలితం, సందేహం లేదు. అయితే ఫోలేట్ గ్రాహకాల్లో ఒక రకం వాపు, చీము ఉన్నచోట గుమిగూడే రక్షక కణాల మీదా ఉంటుంది. కడుపులో క్షయ ఉన్న స్త్రీకి అండాశయ క్యాన్సర్ అని పొరబడటం మన డాక్టర్లకు బాగా తెలిసిన ప్రమాదం. పాత క్షయ మచ్చలున్న ఒంట్లో ఈ రంగు ఎక్కడెక్కడ వెలుగుతుంది? సర్జన్ దేన్ని క్యాన్సర్ అనుకొని కోస్తాడు? క్షయ అరుదైన దేశాల్లో జరిగిన ట్రయల్ దీనికి జవాబు చెప్పలేదు. కాలేయం గట్టిపడినవాళ్లలో ఇండోసయనిన్ గ్రీన్ ఆలస్యంగా బయటికి పోతుంది, మన దగ్గర అలాంటి కాలేయాలకు కొదవలేదు. విదేశాల్లో తేలింది చాలనేవాళ్లు ఈ ప్రశ్నల్ని దాటేసి మాట్లాడుతున్నారు.

మూడో సంగతి డబ్బు. విదేశీ కంపెనీ తన ఖరీదైన రంగును, తన ఖరీదైన కెమెరాను పరీక్షిస్తుంది. చవక రంగును పరీక్షించడం దానికి అనవసరం. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు కంటి ఆసుపత్రుల్లో దొరికే ఫ్లోరెసీన్‌ను తీసుకొని, మామూలు నీలి ఎల్ఈడీ దీపం కింద చూస్తూ, రొమ్ము క్యాన్సర్ రోగుల చంకలో గ్రంథుల్ని గుర్తించే పద్ధతిని పరీక్షించారు. లక్షలు పోసి కొనే కెమెరా లేని జిల్లా ఆసుపత్రికి పనికొచ్చే ఆలోచన అది. అలాంటి పరీక్ష జరగాలంటే ఒప్పుకునే రోగులుండాలి. సూరారం, ఘనపూర్ లాంటి చోట్ల బోధనాసుపత్రులున్నాయి, రోజూ వందల మంది వస్తారు. అక్కడ ఇలాంటి పరీక్షలు జరగనివ్వకపోతే నష్టపోయేది ఆ చవక పద్ధతి అవసరమైనవాళ్లే, పేదవాళ్లే. పేదల పేరు చెప్పి ట్రయళ్లను అడ్డుకునేవాళ్లు ఈ నష్టాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు.

మనం ఏవి చూసి గర్వపడతామో వాటి పునాది ఏమిటో కూడా మరిచిపోయాం. శామీర్‌పేట దారిలో తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాగ్జిన్ అక్కడ పుట్టిందని చెప్పుకోని వాళ్లు ఈ వైపు ఉండరు. దాని మూడో దశ ట్రయల్‌లో చేతులు చాచినవాళ్లు దాదాపు 25,800 మంది. వాళ్లంతా "మనమేమన్న ఎలుకలమా" అని ఉంటే ఆ టీకా పనిచేస్తుందో లేదో తెలిసేదే కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకొని పొంగిపోతాం. ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. అయితే అమినోప్టెరిన్ రక్త క్యాన్సర్‌ను కాసేపైనా లొంగదీయగలదని తేలింది బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో గుణం చూసి, 1948లో ప్రకటించాకే. పైన చెప్పిన పాఫోలాసియానిన్ కూడా ఫోలేట్ దారినే పట్టుకొని క్యాన్సర్‌ను చేరుతుంది.

ఇక నాకు నిజంగా బరువైన అభ్యంతరంగా కనపడేది ఒకటుంది. పేద రోగి డాక్టరు ముందు కాదనలేడు. చీటీ రాసే చేతిలోనే ప్రాణం ఉందనుకుంటాడు, ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తాడు. ఇది అక్షరాలా నిజం. ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి వార్డులో, పక్క మంచం మీద ఎవరో మూలుగుతుండగా, చిన్నడాక్టరు పన్నెండు పేజీల కాగితాలు చేతికిస్తే అది సమ్మతి కాదు. ఇంగ్లిషు నుంచి మాటకు మాట దించిన తెలుగు ఏ పట్టభద్రుడికీ అర్థం కాదు, మేడ్చల్ పల్లె నుంచి వచ్చిన ముసలమ్మకు ఎలా అర్థమవుతుంది? కాదంటే ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఆగిపోతుందేమోనన్న భయం ఆమెకు ఉంటుంది. ఆ భయం తీర్చడం ఆసుపత్రి బాధ్యత. కానీ ఈ అభ్యంతరం తెచ్చేవాళ్లు రెండో సగం చెప్పరు. ట్రయల్ లేకుండా ప్యాకేజీలో కలిపి ఎక్కించే రంగును మాత్రం ఆ ముసలమ్మ కాదనగలదా? అక్కడ వేలిముద్ర కూడా అడగరు. ట్రయల్‌లో ఆమె బలహీనతను గుర్తించిన చట్టం ఒకటుంది, దాన్ని గట్టిగా అమలుచేయమని నిలదీయొచ్చు. ట్రయల్ వద్దన్న మరుక్షణం ఆ చట్టం కూడా ఆమె చెయ్యి వదిలేస్తుంది.

అందుకే మన నినాదం మారాలంటున్నాను. రంగు వెలుగులో ఆపరేషన్ చేస్తామని చెప్పే ఏ ఆసుపత్రినైనా, ఇది అధ్యయనమా, మామూలు వైద్యమా అని సూటిగా అడగాలి. అధ్యయనమైతే రిజిస్ట్రీ నంబరు అడగాలి, సాయంత్రానికి ఇంట్లో ఫోన్‌లో చూసుకోవచ్చు. మామూలు వైద్యమంటే ఈ ఆపరేషన్‌లో ఆ రంగు మేలు చేస్తుందని ఏ ట్రయల్ చెప్పిందో, బిల్లులో అదనంగా ఎంత పడుతుందో అడగాలి. జర్నలిస్టు మిత్రులు ట్రయల్‌లో ఒకరికి హాని జరిగితే మొదటి పేజీలో రాస్తున్నారు, రాయాల్సిందే. ట్రయల్ లేకుండా ఎక్కించిన సూదుల గురించి కూడా ఒక్కసారి రాయమని అడుగుతున్నాను.

ఇంకొకటి మన చేతుల్లోనే ఉంది. ప్రతి నైతిక సంఘంలో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరు ఉండాలని నిబంధన చెబుతోంది. ఆ కుర్చీలో ఎక్కువగా ఆసుపత్రికి తెలిసిన పెద్దమనిషే కూర్చుంటున్నాడు. కొంపల్లిలో రిటైరైన తెలుగు టీచర్లున్నారు, కుత్బుల్లాపూర్‌లో మహిళా సంఘాలు నడిపేవాళ్లున్నారు, జీడిమెట్లలో యూనియన్ నాయకులున్నారు. ఆ కుర్చీ మాకివ్వండని వీళ్లు ఆసుపత్రులకు ఉత్తరాలు రాయాలి. సమ్మతి పత్రం రోగి చేతికి వెళ్లకముందు ఆ టీచరు చేతికి రావాలి. ఆవిడ దాన్ని గట్టిగా చదవాలి, అర్థం కాని ప్రతి వాక్యం కింద ఎర్రగీత గీయాలి, ఆ గీతలన్నీ పోయేదాకా సంఘం ఆమోదముద్ర వేయకూడదు.